.22 సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌లో తూటా సరిగా ఎక్కడం లేదు, ముందు ఎక్కడ చూడాలి? (విశాఖ)

మద్దిలపాలెం_22:
అందరికీ నమస్కారం. లైసెన్సు ఉన్న .22 ఎల్‌ఆర్ (లాంగ్ రైఫిల్ తూటా) సెమీ ఆటోమేటిక్ రైఫిల్. పాత దిగుమతి, బ్లోబ్యాక్ పద్ధతి (పేలిన తూటా వెనక్కి తన్నే బలంతోనే పనిచేసేది), రెండు స్టీలు బాక్స్ మ్యాగజైన్లు. వాడేది 40 గ్రెయిన్ల బరువున్న సీసం బుల్లెట్, స్టాండర్డ్ వెలాసిటీ (మామూలు వేగం). వానలు మొదలైనప్పటి నుంచి రెండు రకాలుగా ఆగుతోంది. ఒకటి, తూటా ముక్కు చాంబర్ (బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోటు) నోటికి కింద తగిలి నిలబడిపోతోంది. బయటికి తీస్తే సీసం మీద గీత కనిపిస్తోంది. రెండు, తూటా లోపలికి వెళ్తోంది గానీ బోల్ట్ (తూటాను లోపలికి తోసి మూసే భాగం) పూర్తిగా మూసుకోకుండా 3, 4 మి.మీ. ముందే ఆగిపోతోంది. బ్యారెల్ శుభ్రం చేసి, బోల్ట్‌కు నూనె పట్టించి ఉంది. స్ప్రింగ్ మార్చాలా, ఫీడ్ ర్యాంప్ (తూటా ముక్కును చాంబర్ లోకి నడిపే వాలు) పాలిష్ చేయించాలా, కొత్త మ్యాగజైన్ తెప్పించాలా? దేనితో మొదలుపెట్టమంటారు?

వేదిక నిర్వాహకుడు:
చర్చ మొదలయ్యే ముందే రెండు మాటలు. ఇంట్లో అసలు తూటాలతో ఎవరూ ఫీడింగ్ పరీక్ష చేయకండి. ఇంట్లో చేసేదంతా డమ్మీలతోనే (మందు లేని ఉత్తుత్తి తూటాలు), అసలు తూటాలతో పరీక్ష రేంజ్‌లో, రేంజ్ ఆఫీసర్ ముందే. ఇక ట్రిగ్గర్, హ్యామర్, సియర్ (కాల్చే యంత్రాంగం) జోలికి ఈ చర్చ వెళ్లదు. ఫీడింగ్ సమస్యకు మందు అక్కడ లేదు కూడా.

ఇసుకతోట_ఆర్మరర్:
మద్దిలపాలెం గారూ, మీరు రాసినవి రెండు వేర్వేరు రోగాలు. ఒకే మందుతో రెండూ నయం చేయాలని చూస్తే స్ప్రింగులు, మ్యాగజైన్లు, తూటాలు అన్నీ మార్చేస్తారు, ఏది పనిచేసిందో తెలియదు. అన్నిటికంటే ముఖ్యమైనది ఒక్కటే: ఆగిన వెంటనే లాగి పారేయకండి. వేలు ట్రిగ్గర్ గార్డు బయట, మజిల్ (బ్యారెల్ మూతి) బట్స్ (గురి వెనక మట్టి కట్ట) వైపే, సేఫ్టీ వేసి, తూటా ఎక్కడ ఎలా ఆగిందో కళ్లతో చూడండి. వీలైతే రేంజ్ ఆఫీసర్‌కు చెప్పి ఫోటో తీయించండి. ఆ ఒక్క ఫోటో ఇక్కడ పది పేజీల చర్చను తప్పిస్తుంది.

చూడాల్సింది ఇది. ముక్కు కిందికి దిగి ర్యాంప్‌కో మ్యాగజైన్ ముందు గోడకో తగిలితే, నూటికి తొంభై పాళ్లు మ్యాగజైన్ వైపు వెతకాలి. ముక్కు పైకి లేచి చాంబర్ పై అంచుకు తగిలితే ఫీడ్ లిప్స్ (మ్యాగజైన్ పైన తూటాను పట్టి ఉంచే అంచులు) విచ్చుకుని తూటాను తొందరగా వదిలేస్తున్నాయి. తూటా మ్యాగజైన్‌లోనే ఉండి బోల్ట్ దాని మీదుగా జారి ముందుకు వెళ్లిపోతే రెండు కారణాలు ఉండొచ్చు: బోల్ట్ పూర్తిగా వెనక్కి రాలేదు, లేదా మ్యాగజైన్ స్ప్రింగ్ తూటాను సమయానికి పైకి లేపలేదు. ఈ రెండింటికీ తేడా పట్టడం సులువే. ఖాళీ కేసులు (కాల్చాక మిగిలే ఇత్తడి గొట్టాలు) ఎంత దూరం పడుతున్నాయో చూడండి. ఎప్పటిలాగే దూరంగా పడుతుంటే బోల్ట్ బాగానే వస్తోంది, మ్యాగజైన్ స్ప్రింగే నీరసించింది. కాళ్ల దగ్గరే పడుతుంటే, లేక ఖాళీ కేసు కిటికీలో (అది బయటికి వచ్చే సందులో) నిలువుగా ఇరుక్కుంటుంటే బోల్ట్‌కు బలం చాలడం లేదు.

తూటా చాంబర్‌లోకి దూరి బోల్ట్ మూసుకోకపోతే అది చాంబర్ మురికి, బోల్ట్ ముఖం మీది మురికి, రికాయిల్ స్ప్రింగ్ (బోల్ట్ ను తిరిగి ముందుకు తోసేది), లేదంటే వంకర తూటా. మ్యాగజైన్‌ను నిందించే పని అక్కడ లేదు.

మూడు విషయాలు చెప్పండి. ముక్కు తగలడం రెండు మ్యాగజైన్లలోనా, ఒక్కదానిలోనేనా? మొదటి తూటా దగ్గరా, చివరి తూటా దగ్గరా? బోల్ట్ మూసుకోకపోవడం మొదటి నుంచా, కొంత కాల్చాకా?

మద్దిలపాలెం_22:
ముక్కు కింద తగలడం దాదాపు ఒక్క మ్యాగజైన్‌లోనే, అదీ చివరి ఒకటి రెండు తూటాల దగ్గర. బోల్ట్ మూసుకోకపోవడం రెండింటితోనూ ఉంది. కాల్చడం మొదలుపెట్టినప్పుడు ఉండదు, రైఫిల్ వేడెక్కి మురికి పట్టాక వస్తోంది.

సీతమ్మధార_సీనియర్:
అయితే మ్యాగజైన్ సంగతి నేను చెప్తాను, చాంబర్ సంగతి ఆర్మరర్ గారికి వదిలేస్తాను.

.22 ఎల్‌ఆర్ తూటా ఆకారమే సగం సమస్య. ఒళ్లు సుమారు 5.7 మి.మీ. మందం ఉంటే, వెనక అంచు (రిమ్) 7 మి.మీ. అంటే తూటాలు ఒకదాని మీద ఒకటి సమాంతరంగా కూర్చోవు, వెనక ఎత్తుగా ముందు పల్లంగా వంపు తిరుగుతాయి. అందుకే మ్యాగజైన్ కూడా వాలుగా ఉంటుంది, ఫాలోవర్ (స్ప్రింగ్ మీద తూటాలను మోసే పలక) కూడా వాలుగా ఉంటుంది. ఆ వాలు చెడితే ముక్కు దిగిపోతుంది.

చివరి తూటాల దగ్గర తేడా వస్తోందంటే స్ప్రింగ్ వైపే చూడాలి. మ్యాగజైన్ నిండుగా ఉన్నప్పుడు స్ప్రింగ్ బాగా అణిగి గట్టిగా తోస్తుంది, ఖాళీ అయ్యేకొద్దీ బలం తగ్గుతుంది. చివరి తూటా దగ్గర అది అతి బలహీనం. దీనికి తిరగేసి, నిండు మ్యాగజైన్‌లో మొదటి తూటా దగ్గరే ఆగుతుంటే లిప్స్ దగ్గర రాపిడి, ఎక్కువ తూటాలు కుక్కడం, లేదా రిమ్ లాక్ అనుకోవాలి.

రిమ్ లాక్ అంటే తెలియనివారికి: పై తూటా రిమ్ ఎప్పుడూ కింది తూటా రిమ్‌కు ముందు ఉండాలి. వెనక పడితే, బోల్ట్ పై తూటాను ముందుకు తోసినప్పుడు ఆ రిమ్ కింది రిమ్‌కు తగులుకుని రెండూ కదలవు. నింపేటప్పుడు తూటాను ముందు నుంచి లిప్స్ కిందికి వెనక్కి జరపాలి, ప్రతి తూటాకూ రిమ్ ఎటు ఉందో చూడాలి. నిండాక మ్యాగజైన్ వెనక గోడను అరచేతి మీద రెండుసార్లు మెల్లగా తట్టి, పై తూటాను వేలితో నొక్కి వదలండి. వెంటనే పైకి లేచి లిప్స్‌కు ఆనుకోవాలి.

ఇప్పుడు మీ చెడ్డ మ్యాగజైన్. విప్పండి. అడుగు రేకు జరిపేటప్పుడు బొటనవేలు అడ్డం పెట్టండి, స్ప్రింగ్ ఎగిరి కంటికి తగులుతుంది. స్ప్రింగ్ ఏ వైపు పైకి ఉందో ఫోటో తీసుకోండి. తిరగేసి పెడితే ఫాలోవర్ ముందు భాగం వాలిపోతుంది, అచ్చం మీరు చెప్పిన లక్షణమే వస్తుంది. రెండు మ్యాగజైన్ల స్ప్రింగులు పక్కపక్కన బల్ల మీద పెట్టి పొడవు పోల్చండి. ఒకటి కళ్లకు తెలిసేంత పొట్టిగా ఉంటే అది అలసిపోయింది. లాగి సాగదీస్తే రెండు రోజులు పనిచేసి మళ్లీ కూలబడుతుంది, కాబట్టి ఆ పని వద్దు. తుప్పు చుక్కలు ఉన్నాయా చూడండి. మన ఊళ్లో స్ప్రింగ్ మడతల్లో తుప్పు మామూలే, తుప్పు గరుకు వల్ల స్ప్రింగ్ గోడకు రాసుకుని ఆలస్యంగా లేస్తుంది.

మ్యాగజైన్ లోపలి గోడ మీద వేలికి నల్లటి జిడ్డు తగిలితే అదీ కారణమే. బట్టతో పొడిగా తుడవండి. నూనె వద్దు. మ్యాగజైన్‌లో నూనె మసిని, మైనాన్ని పట్టి ముద్ద చేస్తుంది, తూటాల రిమ్‌లోకీ చేరుతుంది. తుప్పు భయం ఉంటే నూనె చుక్క బట్టకు రాసి, ఆ బట్టతో ఒకసారి తుడిచి, మళ్లీ పొడి బట్టతో తుడిచేయండి.

లిప్స్ కొలవాలంటే వెర్నియర్ కావాలి. ఇంత మి.మీ. ఉండాలని అందరికీ సరిపోయే అంకె లేదు, ఒక్కో మోడల్‌కు ఒక్కోలా ఉంటుంది. మీ దగ్గర మంచి మ్యాగజైన్ ఉంది కదా, అదే మీ కొలబద్ద. రెండింటిలోనూ లిప్స్ మధ్య ఖాళీని ముందు, నడుమ, వెనక కొలిచి రాసుకోండి. కింద పడిన స్టీలు మ్యాగజైన్‌లో ఒక లిప్ లోపలికి వంగడం చాలా చోట్ల కనిపించేదే.

పెదగంట్యాడ_గురి:
ఇంకోటి సూడండి బాబూ. రైఫిల్ ఇసుక బస్తా మీద పెట్టినప్పుడు మ్యాగజైన్ బస్తాకి ఆనకూడదు. ఆనితే ఎనక్కో పక్కకో తోస్తాది, ముక్కు దారి తప్పుతాది. బస్తా ఫోరెండ్ (రైఫిల్ ముందు చెక్క) కింద ఉండాల. ఇంకోటేటంటే, మొదటి తూటా ఎక్కించినప్పుడు బోల్ట్ పిడిని సేత్తో పట్టుకుని మెల్లగా తీసుకెళ్లకూడదు. పూర్తిగా ఎనక్కి లాగి వదిలేయాల. ఆ స్ప్రింగ్ బలం లెక్కేసే తయారు సేసినారు.

ఇసుకతోట_ఆర్మరర్:
పెదగంట్యాడ గారు చెప్పినవి రెండూ ముందే చూసుకోవాల్సినవి, పైసా ఖర్చు లేదు. దానికి తోడు మ్యాగజైన్ క్యాచ్ (దాన్ని పట్టి ఉంచే కొక్కెం) కూడా. మ్యాగజైన్ పెట్టాక కింది నుంచి వేలితో పైకి తోయండి. ఇంకా ఒక మి.మీ. పైకి కదులుతోందంటే క్యాచ్ అరిగింది, లేదా మ్యాగజైన్ గాడి అరిగింది. మ్యాగజైన్ కిందికి కూర్చుంటే బోల్ట్ అంచు రిమ్‌ను అంతంత మాత్రంగానే పట్టుకుంటుంది. ముక్కు దిగడం, బోల్ట్ పై నుంచి జారడం రెండూ అక్కడి నుంచే పుడతాయి.

ఇక బోల్ట్ మూసుకోకపోవడం. మొదట్లో బాగుండి తర్వాత వస్తోందంటే చాంబర్‌లో పేరుకుంటోంది. .22 ఎల్‌ఆర్‌లో బుల్లెట్ పైపూత బయటే ఉంటుంది, మైనం లాంటిది. అది, సీసం, మసి కలిసి కేసు మూతి ఆగే చోట గట్టి ఉంగరంలా ఏర్పడతాయి. బ్యారెల్ శుభ్రం చేశామనుకున్నా అది పోదు, ఎందుకంటే మామూలు బ్రష్ ఆ చోట బిగుతుగా తిరగదు. చాంబర్ బ్యారెల్ కంటే కాస్త వెడల్పు కదా. అదే చాంబర్‌లో .22 షార్ట్ తూటాలు కాల్చి ఉంటే వాటి కేసు పొట్టి కాబట్టి ఉంగరం ఇంకా వెనక, ఈ కేసు దూరే దారిలోనే ఉంటుంది.

పద్ధతి ఇది. మ్యాగజైన్ తీయండి, బోల్ట్ వెనక్కి లాగి నిలపండి, చాంబర్‌ను కంటితోనూ వేలితోనూ చూడండి. మీరు పనిచేసే గదిలో తూటాలు అసలు ఉండకూడదు. కొత్త కంచు బ్రష్‌కు సాల్వెంట్ పట్టించి చాంబర్ వైపు తడిపి 10 నిమిషాలు వదిలేయండి. పొట్టి రాడ్‌తో, లేదా వంచగలిగే చాంబర్ బ్రష్‌తో, ఎజెక్షన్ కిటికీలోంచి బ్రష్‌ను చాంబర్‌లోకి దూర్చి కుడివైపుకే 10, 15 చుట్లు తిప్పండి. ఎడమకు తిప్పితే బ్రష్ రాడ్ నుంచి విప్పుకుని అక్కడే ఉండిపోతుంది. తర్వాత పొడి గుడ్డ ముక్కలు, నలుపు రానంత వరకు. చివరికి చాంబర్ పూర్తిగా పొడిగా ఉండాలి. కొంతమంది తుప్పు పట్టకుండా చాంబర్‌లో నూనె వదిలేస్తారు, కాల్చే ముందు తుడవరు. బ్లోబ్యాక్‌లో కేసు చాంబర్ గోడను పట్టుకోవడం వల్ల కూడా బోల్ట్ వేగం అదుపులో ఉంటుంది. నూనె ఉంటే ఆ పట్టు తప్పి బోల్ట్ మీద దెబ్బ పెరుగుతుంది.

మజిల్ వైపు నుంచే రాడ్ పంపాల్సిన రైఫిల్ అయితే మజిల్ గైడ్ (రాడ్ మూతికి రాయకుండా నడిపే తొడుగు) తప్పనిసరి. రాడ్ రాసుకుని మజిల్ అంచు అరిగితే గురి పోతుంది, దానికి తిరుగు లేదు. తాడులా ఉండే పుల్ త్రూ ఇంకా మేలు.

బోల్ట్ ముఖం మర్చిపోకండి. రిమ్ కూర్చునే గుంతలో మసి అట్టకడితే రిమ్ పూర్తిగా కూర్చోదు, బోల్ట్ ఆ మేరకు బయటే ఆగుతుంది. ఎక్స్‌ట్రాక్టర్ గోరు (కేసును రిమ్ పట్టి బయటికి లాగేది) కింద చెక్క పుల్లతో గీకండి, ఇనుప సూది వద్దు.

శుభ్రం చేశాక పరీక్ష: బోల్ట్ బయటికి తీసి, మజిల్ నేల వైపు పెట్టి, లోహపు డమ్మీని చాంబర్‌లో వదలండి. దాని బరువుకే పడాలి, లేదా వేలి కొనతో చిన్నగా నొక్కితే కూర్చోవాలి. చివరి మి.మీ. దగ్గర కొంచెం బిగువు తగిలితే కంగారు పడకండి, మ్యాచ్ చాంబర్లలో బుల్లెట్ రైఫ్లింగ్‌కు (బ్యారెల్ లోపలి మెలి గాడులకు) తగిలేలా చేస్తారు. కానీ సెమీ ఆటోమేటిక్‌కు అతి బిగుతు చాంబర్ కలిసిరాదు, కొద్ది మురికికే ఆగిపోతుంది.

ఎంవీపీ_స్పోర్ట్‌పిస్టల్:
ఇంత శ్రమ ఎందుకండీ? హై వెలాసిటీ తూటాలు వేస్తే బోల్ట్ బలంగా తిరుగుతుంది, సమస్య పోతుంది కదా?

ఇసుకతోట_ఆర్మరర్:
పోయినట్టు కనిపిస్తుంది. స్టాండర్డ్ వెలాసిటీ 40 గ్రెయిన్ల తూటా సెకనుకు సుమారు 325 మీటర్లు, హై వెలాసిటీ సుమారు 375 మీటర్లు. రైఫిల్ మాన్యువల్ లో హై వెలాసిటీ వాడమని ఉంటే నిశ్చింతగా వాడండి. చాలా వేట తరహా సెమీ ఆటోలకు అదే సరి, స్టాండర్డ్‌తో బోల్ట్ పూర్తిగా వెనక్కి రాదు కూడా. కానీ మ్యాచ్ రైఫిళ్లు, మీ స్పోర్ట్ పిస్టళ్లలో చాలావరకు స్టాండర్డ్ వెలాసిటీకే తూచిన స్ప్రింగులతో వస్తాయి. వాటిలో హై వెలాసిటీ వేస్తే బోల్ట్ వెనక గోడను కొడుతుంది, బఫర్ (ఆ దెబ్బ తట్టుకునే దిమ్మ) నలుగుతుంది.

పైగా మద్దిలపాలెం గారి మ్యాగజైన్ స్ప్రింగ్ నీరసంగా ఉందని అనుమానం. బోల్ట్ ఇంకా వేగంగా వస్తే ఆ స్ప్రింగ్‌కు తూటాను లేపే సమయం ఇంకా తగ్గుతుంది. జబ్బు ముదురుతుంది.

సీతమ్మధార_సీనియర్:
తూటాల మాట వచ్చింది కాబట్టి: పెట్టె మారిస్తే లాట్ నంబరు (ఒకేసారి తయారైన విడత సంఖ్య) రాసుకోండి. ఒకే కంపెనీలో కూడా లాట్‌కూ లాట్‌కూ పైపూత, మూతి మడత తేడా ఉంటాయి. నింపే ముందు ప్రతి తూటాను బల్ల మీద దొర్లించండి. ముక్కు ఊగితే బుల్లెట్ వంకరగా కూర్చుంది, పక్కన పెట్టండి. ఈ తూటాలో బుల్లెట్ మడమ మాత్రమే కేసులోకి దిగి ఉంటుంది, పట్టు తక్కువ, జేబులో వేసుకుని తిరిగితే చాలు వంగుతుంది. మొత్తం పొడవు 25.4 మి.మీ. దాటకూడదు. ఒకసారి చాంబర్ అంచుకు కొట్టుకుని గీత పడ్డ తూటాను మళ్లీ మ్యాగజైన్‌లో పెట్టకండి.

ఎండాకాలం కారు డ్యాష్‌బోర్డు మీద తూటాల పెట్టె వదిలేస్తే పైపూత మెత్తబడి ఒకదానికొకటి అంటుకుంటాయి. ఇదీ చాంబర్‌లో ఉంగరం కట్టడానికి దారి.

భీమిలి_గాలి:
వానలు మొదలైనప్పటి నుంచి అన్నారు కాబట్టి నిల్వ గురించి చెప్పాలి. మన తీరంలో ఏడాదిలో చాలా నెలలు గాలిలో తేమ 70 శాతం పైనే. దానికి ఉప్పు తోడు. చాలామంది రైఫిల్‌ను స్పాంజ్ ఉన్న కేసులోనే నెలల తరబడి ఉంచేస్తారు. స్పాంజ్ తేమను పీల్చుకుని రైఫిల్‌కు ఆనించి పట్టుకుంటుంది. కేసు రేంజ్‌కు తీసుకెళ్లడానికే. ఇంట్లో తాళం వేసిన స్టీలు అల్మరాలో, నిలబెట్టి, సిలికా జెల్ సంచులతో ఉంచండి. నీలం రంగు జెల్ గులాబీకి మారితే తేమ నిండిందని అర్థం, ఓవెన్‌లో 110, 120 డిగ్రీల్లో నీలం తిరిగి వచ్చేదాకా వేడి చేసి చల్లార్చి పెట్టండి. వంటకు వాడే ఓవెన్‌లో మాత్రం వద్దు. తోలు పౌచ్‌లో తూటాలు నిల్వ చేయకండి, ఇత్తడి మీద పచ్చటి చిలుము పడుతుంది. చిలుము పట్టిన కేసు చాంబర్‌లో జారదు.

ఎవరూ పట్టించుకోని విషయం ఒకటుంది. ఏసీ గదిలో ఉంచిన రైఫిల్‌ను బీచ్ రోడ్డు గాలిలోకి తీసి కేసు తెరిస్తే చల్లటి లోహం మీద క్షణాల్లో నీరు పడుతుంది. బోల్ట్ లోపల, స్ప్రింగ్ మడతల్లో, మ్యాగజైన్ లోపల కూడా. అరగంట కేసు తెరవకుండా ఉంచి, బయటి వేడికి వచ్చాక తీయండి. తిరిగి వచ్చాక చెమట చేతులు తాకిన చోటల్లా అదే సాయంత్రం తుడవాలి.

ఎంవీపీ_స్పోర్ట్‌పిస్టల్:
తేమ ఇంత ఉంటే బోల్ట్‌కు నూనె బాగా పట్టించడమే కదా మంచిది? ఇంకో మాట, ర్యాంప్‌ను సన్న ఎమెరీ కాగితంతో నున్నగా చేస్తే తప్పేంటి?

ఇసుకతోట_ఆర్మరర్:
రెండోదానికి ముందు జవాబు: చేయకండి. ర్యాంప్ కోణం తూటా ముక్కు ఆకారానికి కుదిర్చి పెట్టింది. ఎమెరీ పట్టిన చెయ్యి అంచులను గుండ్రం చేస్తుంది. చాంబర్ నోటి కింది అంచు వెనక్కి పోతే కేసు గోడకు అక్కడ ఆధారం తగ్గుతుంది. రిమ్‌ఫైర్ కేసు గోడ పల్చన, ఆధారం లేని చోట చిట్లి గ్యాసు వెనక్కి తన్నుతుంది. పైగా కొన్ని .22 రైఫిళ్లలో ర్యాంప్ మ్యాగజైన్ ముందు భాగంలోనే ఉంటుంది, బ్యారెల్ మీద గీకి ఏం లాభం? ర్యాంప్ మీద మురికి ఉంటే సాల్వెంట్ గుడ్డతో తుడవండి, అంతే.

ర్యాంప్ బాగానే ఉండి చాంబర్ అంచున చిన్న గుంత, దాని పక్కన లోపలికి ఉబ్బిన బొడిపె కనిపిస్తే అది ఖాళీ రైఫిల్‌తో ట్రిగ్గర్ నొక్కడం వల్ల ఫైరింగ్ పిన్ కొట్టిన దెబ్బ. తూటా లోపలికి వెళ్లేటప్పుడూ, కేసు బయటికి వచ్చేటప్పుడూ అది అడ్డం పడుతుంది. దాన్ని ఫైలుతో గీకరు, చాంబర్ ఐరన్ అనే పనిముట్టుతో లోహాన్ని వెనక్కి నొక్కుతారు. గన్‌స్మిత్ పని అది.

నూనె విషయం: బోల్ట్ రెండు పక్కల పట్టాల మీద, అడుగున హ్యామర్ రాసుకునే చోట పల్చటి పొర చాలు. వేలితో తాకితే జిడ్డు తెలియాలి, కారకూడదు. కారేంత పోస్తే మసి, మైనం, గాలిలో దుమ్ము కలిసి బంకలా తయారై బోల్ట్ వేగాన్ని తినేస్తుంది. కుట్టు మిషన్ నూనె లాంటి పల్చటి నూనె చాలు. కిరోసిన్‌తో కడిగేవారు పూర్తిగా తుడిచి ఆరబెట్టాకే నూనె రాయాలి, వట్టి కిరోసిన్ తుప్పును ఆపదు.

మద్దిలపాలెం_22:
ఫలితాలు. చెడ్డ మ్యాగజైన్ స్ప్రింగ్ మంచిదానికంటే కళ్లకు తెలిసేంత పొట్టి, మడతల్లో తుప్పు ఉంది. లిప్స్ వెనక భాగంలో ఒక లిప్ లోపలికి వంగి ఖాళీ 0.3 మి.మీ. తక్కువ. చాంబర్ బ్రష్ తిప్పాక నల్లటి ముద్దలు వచ్చాయి, తర్వాత మంచి మ్యాగజైన్‌తో రేంజ్‌లో బోల్ట్ మూసుకోకపోవడం మళ్లీ రాలేదు. మిగిలింది ఒకటే: అప్పుడప్పుడు ఖాళీ కేసు కిటికీలో ఇరుక్కుంటోంది. మిగతా కేసులు మాత్రం దూరంగానే పడుతున్నాయి.

సీతమ్మధార_సీనియర్:
కేసులు దూరంగా పడుతున్నాయంటే బోల్ట్ బలం సరిపోతోంది. అప్పుడప్పుడే ఇరుక్కుంటోందంటే ఎక్స్‌ట్రాక్టర్ పట్టు జారుతోందని నా అంచనా. బోల్ట్ బయటికి తీసి, ఖాళీ కేసు రిమ్‌ను ఎక్స్‌ట్రాక్టర్ గోరు కిందికి జొనిపి, బోల్ట్‌ను ఏ కోణంలో తిప్పినా కేసు పడకూడదు. మెల్లగా ఊపినా నిలవాలి. పడిపోతే గోరు అంచు అరిగి గుండ్రం అయ్యిందా, దాని స్ప్రింగ్ నీరసించిందా, కింద మసి చేరి పూర్తిగా మూసుకోవడం లేదా చూడాలి. మూడోదే ఎక్కువసార్లు. ఎజెక్టర్ కొన అరిగినా కేసు బయటికి సరిగా విసరదు, అది కూడా చూడండి.

రికాయిల్ స్ప్రింగ్‌ను ఇప్పుడే ముట్టుకోకండి. నీరసిస్తే బోల్ట్ మూసుకోదు, మరీ గట్టిదైతే వెనక్కి పూర్తిగా రాదు. మీ లక్షణాల్లో రెండూ ఇప్పుడు లేవు. గైడ్ రాడ్ వంగిందా, స్ప్రింగ్ దాని మీద ఎక్కడైనా పట్టేస్తోందా అన్నది మాత్రం చూసుకోండి. స్ప్రింగ్ చుట్లు కత్తిరించడం అసలు వద్దు.

పెదగంట్యాడ_గురి:
తూటా సగం దూరి ఆగిపోతే బోల్ట్ పిడిని అరసేత్తో కొట్టి మూస్తారు కొంతమంది. తప్పు కదండీ అది?

ఇసుకతోట_ఆర్మరర్:
పెద్ద తప్పు. రిమ్‌ఫైర్ తూటాలో పేలే మందు రిమ్ చుట్టూ ఉంటుంది. బోల్ట్ మూసుకోకుండా రిమ్‌కు దెబ్బ తగిలితే కేసుకు ఆధారం లేకుండానే పేలుతుంది, ఇత్తడి ముక్కలు కిటికీలోంచి ముఖం మీదికి వస్తాయి. అందుకే కంటి అద్దాలు లేకుండా ఎవరూ లైన్‌లో నిలబడకూడదు. అదే కారణంతో ఇరుక్కున్న తూటా రిమ్‌ను స్క్రూడ్రైవర్‌తో పెకలించకూడదు, మజిల్ నుంచి రాడ్ పెట్టి కొట్టకూడదు. మ్యాగజైన్ తీసి, బోల్ట్ వెనక్కి లాగితే రాకపోతే, మజిల్ బట్స్ వైపే ఉంచి రేంజ్ ఆఫీసర్‌ను పిలవండి.

పిన్ కొట్టి పేలకపోతే 30 సెకన్లు అలాగే ఆగి తర్వాతే బోల్ట్ తీయాలి. మామూలు చప్పుడుకు బదులు 'తుస్సు'మని వస్తే ఇంకొకటి కాల్చకండి. రైఫిల్ ఖాళీ చేసి, బ్యారెల్‌లో బుల్లెట్ ఇరుక్కుందేమో చూశాకే ముందుకు.

మద్దిలపాలెం_22:
ఎక్స్‌ట్రాక్టర్ కింద మసి గట్టిగా ఉంది, తీశాను. కేసు ఇప్పుడు ఎటు తిప్పినా నిలుస్తోంది. వంగిన లిప్‌ను నోస్ ప్లయర్‌తో సరిచేసుకోవచ్చా?

సీతమ్మధార_సీనియర్:
చేసుకోకండి. గట్టిపరచిన రేకు, రెండోసారి వంచితే మూలలో వెంట్రుక వాసి పగులు వస్తుంది. పగులు కంటికి కనపడదు, తూటాలు వేశాక విచ్చుకుంటుంది. కొత్త మ్యాగజైన్ లైసెన్సు ఉన్న డీలరు ద్వారా దొరికితే అదే మేలు. ఆయుధ చట్టం 1959లో ఆయుధం అంటే విడిభాగాలు కూడా. ఎవరో కొరియర్‌లో పంపుతామన్న మ్యాగజైన్, బోల్ట్ జోలికి పోకండి. మరమ్మతు చేసేవారికి కూడా సెక్షన్ 5 కింద లైసెన్సు ఉండాలి. మూల మీద ఉన్న వెల్డింగ్ షాపు ఎంత నైపుణ్యం ఉన్నా సరే, అక్కడ కాదు.

ఇసుకతోట_ఆర్మరర్:
పాత మోడల్‌కు కొత్త మ్యాగజైన్ దొరకడం కష్టమైతే, గన్‌స్మిత్ సరైన కొలతకు చేసిన ఉక్కు దిమ్మను లిప్స్ మధ్య పెట్టి, కొద్దికొద్దిగా నొక్కుతూ, ప్రతిసారీ కొలుస్తూ సరిచేస్తాడు. మంచి మ్యాగజైన్ కూడా వెంట తీసుకెళ్లండి, ఆయనకు నమూనా కావాలి. స్ప్రింగ్ కొత్తదే వేయించండి. రైఫిల్ ఖాళీగా, కేసులో, లైసెన్సు పుస్తకం వెంట, తూటాలు ఇంట్లో.

తిరిగి వచ్చాక పరీక్ష క్రమం: ముందు లోహపు డమ్మీలు నింపి, బోల్ట్‌ను చేత్తో పూర్తిగా లాగి వదులుతూ ఖాళీ అయ్యేదాకా. ప్లాస్టిక్ డమ్మీలు దీనికి పనికిరావు, వాటి రిమ్ చీలిపోయి తప్పుడు ఫలితం ఇస్తాయి. తర్వాత రేంజ్‌లో ఒకే లాట్ తూటాలు, ఒక్కో మ్యాగజైన్‌తో 50. మ్యాగజైన్ల అడుగున 1, 2 అని పెయింట్‌తో రాసుకోండి. ఆగితే ఏ మ్యాగజైన్, ఎన్నో తూటా, ముక్కు ఎక్కడ, ఖాళీ కేసు ఎంత దూరం అన్న నాలుగు గడులు నింపండి. 1వ దానిలోనే చివరి తూటా దగ్గర మళ్లీ వస్తే ఆ కాగితం ఇక్కడ పెట్టండి, అప్పుడు ఫాలోవర్ వాలు చూద్దాం.

మద్దిలపాలెం_22:
అలాగే. 1వ మ్యాగజైన్ గన్‌స్మిత్ దగ్గరికి వెళ్తోంది, అప్పటిదాకా 2వ దానితోనే. వచ్చాక కాగితం పెడతాను.